మెత్తని చీల

హోయ్... హోయ్ హోయ్!

అదిగో, మళ్లీ తిరిగింది. ముసలాయన చేతిలో కర్ర చెక్కే బాడిస ఆగిపోయింది, చెవి మాత్రం రేకుల గోడ దాటుకుని బయటికి వెళ్లిపోయింది. షెడ్డు వెనక కంచె, కంచె అవతల పొలం, పొలంలో కోడలు, కోడలి చేతుల్లో నిన్న సాయంత్రం ఆయన బిగించి ఇచ్చిన కొత్త నాగలి. చాలు చివర ఎద్దుల్ని వెనక్కి తిప్పేటప్పుడల్లా ఆ పిల్ల ఒక కేక వేస్తుంది. ఆ కేక వింటే వాగు ఒడ్డున ఒంటికాలి మీద నిద్రపోయే కొంగ కూడా ఉలిక్కిపడి రెండో కాలు దించి వరసలో నిలబడుతుందని ఆయనే పదిమందిలో చెప్పి నవ్వించాడు. ఇవాళ నవ్వు రావడం లేదు. ఇది ఏడో చాలు. లెక్కపెట్టకూడదు అనుకుంటూనే లెక్కపెట్టాడు. ఏడు. కంచె పక్కనుంచి మొదలుపెట్టింది కాబట్టి ఇంకా ఇటువైపే ఉంది, ఇటువైపు మన్ను వెన్నలాంటిది, కళ్లు మూసుకుని దున్నుకోవచ్చు. ఇరవై దగ్గరపడ్డాక కదా గొడవ. ఇరవయ్యో చాలుకో ఇరవై ఒకటో చాలుకో నేల కింద పలకరాయి మొదలవుతుంది. పైకి ఏమీ తెలియదు, పైన మన్ను అందరి మన్నులాగే అమాయకంగా ఉంటుంది, జానెడు లోతున మాత్రం అది పెదవి పైకెత్తుకుని పడుకుని ఉంటుంది, నాగలి కర్రు ఎప్పుడు వస్తుందా అని. చాలుకి మూడు నిమిషాలు, ఇంకా పదమూడు చాళ్లు, ముప్పై తొమ్మిది నిమిషాలు. ఏముంది, బోలెడు సేపు. ఆ సేపట్లో మనిషి కడుపునిండా తిని ఒక కునుకు తీసి లేచి ఎవడితోనో పోట్లాడి రాజీ కూడా పడవచ్చు.

ఒళ్లో చీలలున్నాయి, నాగలి ముక్కల్ని బిగించే కర్రమేకులు. పొద్దున్నే కూర్చుని అలవాటు కొద్దీ చెక్కుతున్నాడు, బొటనవేలంత లావు, బెత్తెడు పొడవు, నున్నగా, చేతికి చల్లగా. పది చీలలకి ఒకదాన్ని మోకాటి మీద పెట్టి విరిచి చూడటం ఆయన పద్ధతి. చెవి దగ్గరగా వంగి మరీ విరుస్తాడు. టప్ మని తేలిగ్గా విరగాలి. నసిగితే పనికిరాదు, ఎక్కువసేపు ఓర్చుకుంటే అసలే పనికిరాదు, పొయ్యిలోకి పోతుంది. ఇందాక అలాగే ఒకదాన్ని విరిచాడు. టప్. ఆ చప్పుడు విన్నాకే తను చేసిందేమిటో తట్టింది. ఆ పిల్ల చేతిలో ఉన్న నాగలికి ఈ చీల లేదు. ఇనుప బోల్టు ఉంది. వేసింది ఆయనే. రాయి దగ్గర అది విరగదు. అది విరగకపోతే ఇంకేదో విరగాలి, ఆ ఇంకేదో ఏమిటో ఈ చుట్టుపక్కల తెలిసిన మనిషి ఆయనొక్కడే.

ఎంత బాగా కుదిరింది నాగలి, అదే కదా అసలు బాధ. నెల రోజులు పట్టింది. ముందు షెడ్డు నేల మీద బొగ్గుతో నిలువెత్తు బొమ్మ గీసుకున్నాడు, ఆ గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి, చెక్కపొట్టు దుప్పటి సగం కప్పుకుని. ఇది దుంప, నేలలోకి దిగే మొద్దు. దాని ముక్కుకి కర్రు, ఇనుప నాలుక. వీపు మీద మేడి, మనిషి పట్టుకునేది. నడుములోంచి ముందుకి నొగ, ఎద్దుల మెడమీద కాడి దాకా పోయే పొడుగు కర్ర. నాలుగు ముక్కలు, నాలుగూ నాలుగు రకాల మొండివి, వాటిని ఒక్కమాట మీద నడిపించడం కంటే నలుగురు తోడికోడళ్లని ఒక వంటింట్లో పెట్టడం తేలిక. కర్రుకీ నొగకీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఏ కాగితం మీదా ఉండదు. బొటనవేలూ చూపుడువేలూ బార్లా చాపితే ఎంతో అంత. చెయ్యి పెద్దదైన వడ్రంగి నాగలి పాతాళానికి పోతుంది, చెయ్యి చిన్నదైనవాడి నాగలి నేలకి తలదువ్వుతుంది. ఈసారి ఆయన వేళ్లు నాలుగుసార్లు చాపి నాలుగుసార్లు చెరిపి, అయిదోసారి కళ్లు మూసుకుని చాపాడు, అప్పుడు కుదిరింది. మేడి ఎత్తు మాత్రం పట్టే మనిషిని బట్టి ఉంటుంది. అందుకని కోడల్ని ద్వారబంధానికి ఆనించి నిలబెట్టాడు.

"కదలకు అమ్మాయ్. చేతులు వదులుగా పెట్టు."

"కొలతలంటే కొత్త బట్టలు కుట్టిస్తారేమో అనుకున్నా మామయ్యా. నాగలికా?"

"నాగలి కూడా బట్టలాంటిదే. బిగుతైతే భుజం పట్టేస్తుంది, వదులైతే నడుం పోతుంది."

"అయితే ఈ బట్టకైనా గుండీలు కాస్త గట్టివి కుట్టండి. మీ గుండీలు ఎక్కడపడితే అక్కడ ఊడి పరువు తీస్తాయి."

నవ్వాడు. నవ్వుతూనే బొగ్గుముక్కతో గీత గీశాడు, పొట్ట అయిపోయి పక్కటెముకలు మొదలయ్యే చోట. ద్వారబంధం మీద ఆ గీత ఇక్కడికే కనబడుతోంది. దానివంక చూడకూడదు. మేడి కొస సరిగ్గా అంత ఎత్తున వస్తుంది, వెంట్రుకవాసి తేడా లేదు, అంత శ్రద్ధగా కొలిచాడు, తన చేత్తో తనే, ఆ పిల్ల ఒంటి మీద ఎక్కడ తగలాలో.

హోయ్... హోయ్ హోయ్. ఎనిమిది.

అసలు తప్పెవరిది అంటే, కమ్మరిది. కాదు, కమ్మరిదెలా అవుతుంది, వాడు నోరు మాత్రమే వాడాడు. "బావా, నీ నాగళ్లు చూసి ఎద్దులే మూతులు తిప్పుకుంటున్నాయి," అన్నాడు కొలిమి ముందు కూర్చుని. "ఇదిగో బోల్టు. ఇది విరిగితే నా మీసం తీసి నీకు అతికిస్తా." "నీ మీసం నాకెందుకురా, ఉన్నది దువ్వుకోలేకే చస్తున్నా," అని ఆయన అన్నాడు, అందరూ నవ్వారు, అక్కడికి అయిపోవాల్సింది. అయిపోలేదు. నవ్వినవాళ్లలో ఒకడు 'చీలల తాత' అన్నాడు మెల్లిగా, పక్కవాడికి. ఆ పేరు ఆయనకి కొత్త కాదు, నలభై ఏళ్లుగా, తాత వయసు రాకముందు నుంచే మోస్తున్నాడు. విరిగిన చీల పట్టుకుని వచ్చిన ప్రతివాడూ ఆ పేరు పెట్టే పిలుస్తాడు, ఆయన పలుకుతాడు, ఇంకో చీల ఇస్తాడు, పైన ఒక కథ ఊరికే ఇస్తాడు. కానీ ఆ రోజు ఎందుకో గుచ్చుకుంది. డెబ్బై దాటాయి, మోకాళ్లు పోయాయి, చూపు సగం పోయింది, ఇంకెన్ని నాగళ్లు చేస్తాడు, రెండో మూడో. చచ్చేలోగా ఒక్క నాగలి, ఒకే ఒక్కటి, ఎవడూ నవ్వనిది. అంతే అనుకున్నాడు. చిన్న కోరిక. పెద్ద కోరికలకి మనిషి జాగ్రత్తపడతాడు, ఇలాంటి చిన్నవి తలుపు తట్టకుండానే లోపలికి వచ్చి కూర్చుంటాయి. బోల్టు ఎర్రగా కాల్చి తెచ్చి, బెజ్జంలో దింపి, రెండు వైపులా తల పరిచేశారు. ఇక అది ఊడదు, కొలిమికి తీసుకెళ్లి కోస్తే తప్ప. సుత్తితో తట్టి చూశాడు. ఠంగ్ మంది. ఆ మోత ఎంత బాగుందో! ఇంకోసారి తట్టాడు కూడా.

తొమ్మిది. లేదా తొమ్మిది ఇందాకే అయిపోయిందా?

ముసలాయనకి వాళ్ల నాన్న ఈ మెత్తచీల సంగతి చెప్పింది ఇలాంటి షెడ్డులోనే, ఇలాగే పొట్టు మీద కూర్చుని. మాట్లాడటం ఇష్టంలేని మనిషి, ఏడాదికి సరిపడా మాటలు ఆ ఒక్కరోజు వాడేశాడు. దుంప గట్టిగా ఉండాలిరా, నొగ గట్టిగా ఉండాలి, కర్రు మరీ గట్టిగా ఉండాలి. అన్నీ గట్టివే అయితే రాయి తగిలినప్పుడు ఎద్దుల బలమంతా ఎటు పోవాలి? కర్రు రాతి కింద ఇరుక్కుంటుంది, ఎద్దులు లాగుతూనే ఉంటాయి, వెనకభాగం గుర్రం తన్నినట్టు పైకి లేస్తుంది, వెనకున్నది మనిషి. అందుకని ఒక్కచోట మెత్తగా ఉంచాలి. చీల విరిగితే నొగ బెజ్జంలోంచి జారి ఎద్దులతో పోతుంది, నాగలి నేలలో ఉండిపోతుంది, మనిషి మనిషిలా నిలబడి తిట్టుకుంటాడు. తిట్టుకోనీ. తిట్టేవాడు బతికున్నట్టేగా. ఇంకొకటి, ఇది ఎవరికీ చెప్పకు. ఎందుకు నాన్నా? చెబితే కావాలని మెత్తది పెట్టానంటారు, ఇంటికెళ్లి అది పీకి గట్టిది కొట్టుకుంటారు. విరిగినదాన్ని అందరూ చూస్తారురా, అది విరగబట్టి విరగకుండా మిగిలినదాన్ని ఎవడూ చూడడు. అంతే, మళ్లీ ఏడాది దాకా నోరు తెరవలేదు.

అందుకే కథలు. ఉన్నమాట చెప్పకూడదు గనక ఏదో ఒకటి చెప్పాలి గదా. ఎందుకు విరిగింది తాతా అంటే, ఈ చెట్టు నీడలో పెళ్లాం అంటే భయపడే మనిషి ఒకడు ముప్పై ఏళ్లు కూర్చున్నాడు, ఆ పిరికితనం కర్రలోకి దిగింది అనేవాడు. ఇంకోడికి, ఒకసారి నా చీల విరగలేదు తెలుసా, నాగలి ఆగకుండా లోపలికి దూసుకుపోయి భూమికి అవతలవైపు తేలింది, అక్కడ ఒకాయన తలకిందులుగా వేలాడుతూ భోంచేస్తున్నాడు, మా ఇంటి కప్పుకి చిల్లు పెట్టావు కదయ్యా అని నా చొక్కా పట్టుకున్నాడు, అప్పట్నించీ విరిగేవే పెడుతున్నా అనేవాడు. విన్నవాడు విరిగిన చీల సంగతి మర్చిపోయి పొట్ట పట్టుకుని వెళ్లిపోయేవాడు. అలా నలభై ఏళ్లు. అబద్ధాలు ఎంత బాగా అతుకుతాయో! చిత్రిక పట్టక్కర్లేదు, బెజ్జం తీయక్కర్లేదు, చెప్పినవి చెప్పినట్టే కూర్చుంటాయి. అన్నయ్య సంగతి కూడా అలాగే కూర్చుంది.

అన్నయ్య. వద్దు, ఇప్పుడు వద్దు. ఈ పలకరాయి ఆ పలకరాయి కాదు, అది వేరే పొలం, వేరే రోజు, ఆ రోజు వాన వచ్చేలా ఉంది, ఇవాళ ఎండ. రేకుల చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతోంది, ఒక చుక్క నెమ్మదిగా జరిగి బొగ్గు బొమ్మలో దుంప మీదికి ఎక్కింది. అన్నయ్యకి నాన్న ఈ మాట చెప్పాడు, ఇద్దరికీ కలిపే చెప్పాడు, కానీ అన్నయ్య అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. "ముసలాడు మెత్తకర్ర తేలిగ్గా చెక్కొచ్చని చెప్తున్నాడ్రా," అని కన్నుకొట్టాడు. తన నాగలికి తనే ఇనుములాంటి తుమ్మచేవ చీల కొట్టుకున్నాడు. మూడోరోజు. ఆయన పక్క చేలోనే ఉన్నాడు, మీసం అప్పుడే మొలుస్తున్న వయసు. పెద్ద మోతేమీ రాలేదు. దుప్పటి దులిపినట్టు ఒక శబ్దం. చూసేసరికి అన్నయ్య చాల్లో కూర్చుని ఉన్నాడు, అలసిపోయి కూర్చున్నట్టు, చొక్కా మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. "ఏం లేదురా, గాలి ఆడలేదు, అంతే. నీళ్లు తే," అన్నాడు. నీళ్లు తాగి, "నాన్నకి చెప్పకు," అన్నాడు. సాయంత్రానికి పెదవులు నల్లబడ్డాయి. ఎద్దు కుమ్మింది అని చెప్పారు అందరికీ. నాన్నే చెప్పమన్నాడు. ఏ పాపమూ ఎరగని ఎద్దుని తోలేశారు. అది వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది, అది మాత్రం ఆయన కల్పించింది కాదు.

హోయ్... హోయ్ హోయ్.

పన్నెండు. పన్నెండేనా? మధ్యలో ఒకటో రెండో జారిపోయాయేమో, ఆలోచనలో పడితే కేకలు తన కోసం ఆగుతాయా. పద్నాలుగు కూడా అయ్యుండొచ్చు. లేవాలి. లేచి వెళ్లి ఏం చెప్పాలి? అమ్మాయ్, నలభై ఏళ్లుగా మీ అందరికీ కావాలని మెత్తచీలలు ఇచ్చాను, అదే మంచిదని. మరి నాకెందుకు ఇనుపది వేశారు మామయ్యా? నవ్వారని. ఎవరో పక్కవాడి చెవిలో ఒక మాటన్నాడని. ఛీ. కాదు, వేరేలా చెప్పొచ్చు, ఎద్దుకి కాలు బాగాలేదనొచ్చు, నాగలి ఒకసారి సరిచెయ్యాలనొచ్చు, రేపు దున్నుకుందువుగానిలే అనొచ్చు. చూశావా, మళ్లీ కథే వస్తోంది నోటికి. అయినా తడిమన్ను కదా, కర్రు జారిపోతుందేమో. కోడలిది గట్టి ఒళ్లు. రాయి ఈ ఏడు ఇంకాస్త లోపలికి దిగి ఉంటుందేమో. రాళ్లు దిగుతాయా? ఎప్పుడూ పైకే వస్తాయి. పోయిన సాగుకి అక్కడే మూడు చీలలు విరిగాయి, మూడోది విరిగినప్పుడు ఆ పిల్ల కంచె దాకా వచ్చి అరిచింది: "మామయ్యా, ఈసారి మాత్రం గట్టిది వెయ్యండి, ఆ రాయి సంగతి నేను తేలుస్తా!" అంటే రాయి దగ్గరికి వచ్చాక నెమ్మదిగా పోదు. తేలుస్తుంది. ఎద్దుల్ని అదిలించి, మేడి మీద ఒంటిబరువంతా వేసి, నవ్వుతూ దానిమీదికి పోతుంది. ఆ రెండెద్దుల్లో ఎడమది మందమతి గానీ కుడిది తొందరమనిషి, కర్రు పట్టేస్తే ఆగదు, బెదిరి ఇంకా లాగుతుంది.

కొడుకైనా ఇంట్లో ఉంటే బాగుండేది, వాణ్ణి పరుగెత్తించేవాడు. పొద్దున్నే కర్రులు పదును పెట్టించడానికని కమ్మరి దగ్గరికి పోయినట్టున్నాడు, చెప్పి పోయే రకమైతే కదా. వాడు వాళ్ల తాతకి వారసుడు, మాటలు పొదుపు. ఎద్దుల్ని కూడా పిలవడు, నాలుకతో ఒక టిక్కు, అంతే, అవి వింటాయి. మొగుడి వాటా మాటలు కూడా పెళ్లామే వాడుకుంటోందని ఆయన ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో. వాడికి ఈ చీల సంగతి చెప్పనేలేదు. చెప్పాలి, చెప్పాలి, మంచి సమయం చూసి చెప్పాలి అనుకుంటూ ఇరవై ఏళ్లు గడిపాడు. నలుగురు కూర్చున్నచోట గంటలకొద్దీ కోతలు కోసే మనిషికి కొడుకు ఒక్కడే ఎదురుగా కూర్చుంటే నోరు ఎండిపోతుంది. వాడు బుద్ధిగా పని నేర్చుకున్నాడు, మెత్తచీలలే చెక్కుతాడు, ఎందుకని ఒక్కరోజూ అడగలేదు. అడగడు. నాన్న చేతకానితనాన్ని ఎత్తి చూపడం ఎందుకని ఊరుకున్నాడేమో. ఈ ఆలోచన ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు ఆయనకి. వాడు కూడా లోపల్లోపల చీలల తాత అనుకుంటున్నాడేమో.

నిశ్శబ్దం.

కేక రావాలి ఇప్పుడు. మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. బయట గాలికి ఏదో రేకు కొట్టుకుంటోంది, ఈగ ఒకటి బాడిస పిడి మీద వాలి చేతులు నలుపుకుంటోంది, తీరిగ్గా, పెద్ద పనేదో ముగించుకుని వచ్చినట్టు. కేక రాలేదు. దుప్పటి దులిపిన చప్పుడు వచ్చిందా ఇందాక? వచ్చిందా? ఒళ్లోని చీలలన్నీ నేలమీద దొర్లాయి, ఆయన లేచి నిలబడ్డాడని ఆ చప్పుడుతోనే ఆయనకి తెలిసింది. మోకాళ్లు అరిచాయి, అరవనీ. ద్వారబంధం మీద గీతకి భుజం రాసుకుంది. కంచె సందులోంచి దూరేటప్పుడు చొక్కా చిరిగింది. దున్నిన మన్ను కాళ్లని పట్టుకుని లాగుతోంది, ఎంత బాగా తిరగబడింది మన్ను, ఒకే లోతు, ఒకే వాలు, ఎక్కడా వంకర లేదు, ఇంత అందమైన దుక్కి తన జన్మలో చెయ్యలేదు అనుకున్నాడు పరుగెడుతూనే, అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కోడలు నిలబడి ఉంది. నిలబడే ఉంది. కొంగుతో మెడ తుడుచుకుంటోంది, పక్కన చెంబు. నీళ్లు తాగడానికి ఆగింది, అంతే. ఆమె వెనక పద్దెనిమిది చాళ్లు.

"మీరేంటి మామయ్యా ఇంత దూరం? మోకాళ్లు సెలవిచ్చాయా?"

ఆయన ఆగలేదు. ఎద్దుల ముందుకి వెళ్లి కాడి పలుపులు విప్పడం మొదలుపెట్టాడు. ముడి రాలేదు, పళ్లతో పట్టి లాగాడు. తొందర ఎద్దు మొహం పక్కకి తిప్పుకుంది.

"ఏమైంది? ఇంకో రెండు చాళ్లు పోతే ఆ రాయి దగ్గరికి వెళ్తాం. నేను పొద్దుట్నించీ ఎదురుచూస్తుంటే..."

"వద్దు. ఆ బోల్టు వద్దు. మెత్తచీలే ఉండాలి అమ్మాయ్. విరగడానికే పెడతాం దాన్ని. అది విరక్కపోతే మేడి ఎగిరి గుండెల మీద కొడుతుంది."

ఆమె నవ్వింది. చెంబు కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, కథ వినడానికి కూర్చునే మనిషిలా తీరిగ్గా నవ్వింది. "ఇది బాగుంది. కొత్తది. తర్వాత?"

"తర్వాతేం లేదు."

"అదేంటి, మీ కథకి తర్వాత లేకపోవడమేంటి? మేడి ఎగిరింది, ఎగిరి ఎక్కడ పడింది, చంద్రుడి మీదా?"

"మా అన్నయ్య మీద. నీళ్లడిగాడు. సాయంత్రానికి పోయాడు."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది, ఆయన కళ్లలోకి చూస్తూ, చివర్లో వచ్చే చిలిపి మెరుపు కోసం. అది రాలేదు. ఆయన మొహంలో మెరిసేదేమీ లేదు, చెమటా, పలుపు పీచూ తప్ప. కొంచెం కొంచెంగా ఆమె నవ్వు ఆగిపోయింది.

"పెద్దమామయ్యని ఎద్దు కుమ్మిందన్నారుగా అందరూ?"

"అందరికీ మేమే చెప్పాం."

ఆమె మేడి వంక చూసింది. దాని కొస ఎక్కడికి వస్తోందో చూసుకుంది, చెయ్యి తనంతట తనే పక్కటెముకల మీదికి వెళ్లింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. ముడి ఊడింది, కాడి పక్కకి జారింది, ఎద్దులు విడివిడిగా తలలు విదిలించాయి. ముసలాయన చాల్లో కూలబడ్డాడు. అయిపోయింది. నవ్వొచ్చింది ఆయనకి, ఏడుపు కూడా, రెండూ కలిసి దగ్గులా బయటికొచ్చాయి. కోపగించుకోనీ, తిట్టుకోనీ, ఊళ్లో అందరికీ చెప్పనీ, చీలల తాత ఎందుకు చీలల తాతో ఇవాళ్టితో అందరికీ తెలిసిపోనీ. మన్ను ఎంత చల్లగా ఉంది. అరచేతులు రెండూ మన్నులో పెట్టాడు. ఎన్నేళ్ల బరువో వేళ్ల చివర్లనించి కారిపోతున్నట్టుంది.

"మామయ్యా," అంది కోడలు. ఆమె గొంతు ఆమె గొంతులా లేదు. చిన్నగా, లోపలినించి వచ్చింది. "మరి మీ అబ్బాయి?"

"వాడికి నేనే చెప్తా. ఇవాళే చెప్తా. కమ్మరి దగ్గర్నించి రానీ."

"కమ్మరి దగ్గరికి నిన్న రాత్రే వెళ్లొచ్చారు." ఆమె పెదవులు తడుపుకుంది. "నా నాగలికి మీరు వేసింది చూసి ఎంత సంబరపడ్డారో. తన నాగలి భుజాన వేసుకెళ్లి అలాంటిదే కొట్టించుకున్నారు. మీకు చెప్పొద్దన్నారు. ఒకసారి దున్ని చూపించి, నాన్న చీల చూశారా అని అందరి ముందూ అంటానన్నారు. ఆయన అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు."

"ఎక్కడికెళ్లాడు?"

ఆమె చెయ్యెత్తి చూపించింది. వాగు అవతల మిట్టచేను. ఎర్రటి వాలు, దాని మీద రెండు చుక్కలు, ఇంటి రెండో జత ఎద్దులు, చుక్కల వెనక ఒక గీత. అక్కడ రాయి ఇరవయ్యో చాలు దాకా ఆగదు. అక్కడ నేలంటేనే రాయి, పైన నాలుగు వేళ్ల మన్ను కప్పుకుని. కోడలు అప్పటికే పరుగు మొదలుపెట్టింది, కొంగు దోపుకుంటూ, చాళ్ల మీదుగా దూకుతూ. వాగు దిగి ఎక్కాలి, ఎంత పరుగెత్తినా పావుగంట. పొద్దుట్నించీ ఆయన చెవులు రిక్కించి ప్రతి కేకా ఏరుకున్నాడు, కేక వేసే మనిషి కోసమే భయపడ్డాడు, అవతల కేక వెయ్యని మనిషి ఒకడు అదే గంటలో, అదే ఎండలో, ఒక్క చప్పుడూ లేకుండా దున్నుతూనే ఉన్నాడు.

ఆయన లేచి నిలబడి అరిచాడు. "ఆపరా! ఎద్దుల్ని ఆపు! మేడి వదిలెయ్యరా!" గొంతు పగిలింది. రెండు చేతులూ ఎత్తి ఊపాడు, చొక్కా విప్పి దాన్నీ ఊపాడు, గాలి ఎదురు నుంచి వస్తోంది, అరిచిన మాటలన్నీ ఆయన మొహానికే వచ్చి తగిలాయి. మిట్ట మీది మనిషి తల తిప్పాడు. చూశాడు. కింద ముసలితండ్రి దున్నిన చేలో నిలబడి చేతులూపుతున్నాడు, పెళ్లాం ఎదురొస్తోంది పరుగెత్తుకుంటూ. అక్కణ్ణించి చూస్తే సంతోషం కూడా ఇలాగే కనబడుతుందేమో. మేడి మీంచి కుడిచెయ్యి తీసి, పైకెత్తి, కొడుకూ జవాబుగా ఊపాడు, చాలాసేపు ఊపాడు. ఎద్దులు నడుస్తూనే ఉన్నాయి.